పులావుకి నీళ్లు ఎన్ని పోయాలి? ఒక్కొక్కరు ఒక్కో లెక్క ఎందుకు చెప్తారు

క్లుప్తంగా: పులావుకి పోసిన నీళ్లలో కొంత బియ్యం తాగుతుంది, కొంత ఆవిరైపోతుంది. బియ్యం తాగేది బియ్యం కొలతతో పాటే పెరుగుతుంది, ఆవిరయ్యేది మాత్రం గిన్నె, మూత, మంట, టైమ్‌ని బట్టి ఉంటుంది. ఈ రెండూ కలిపేసి ఒకే అంకె చెప్పేస్తారు కాబట్టే ఒకరింట్లో కుదిరిన కొలత ఇంకొకరింట్లో కుదరట్లేదు. బియ్యం ఏ రకం, పాతదా కొత్తదా, నానబెట్టారా లేదా అనేవి ఆ తర్వాత చేసుకునే సర్దుబాట్లు.

ఆదివారం చికెన్ కూర పక్కకి, చుట్టాలొస్తే మటన్ పక్కకి, ఏ కూరా లేని రోజు ఉత్త పెరుగు పచ్చడితో అయినా సరే, చాలా ఇళ్లలో చేసుకునేది సాదా పులావే. తెలంగాణలో బగారా అన్నం, చిత్తూరు వైపు హోటళ్లలో కుష్కా, కోస్తాలో కొబ్బరి పాలు పోసి చేసేది ఇంకో రకం, అన్నిటికీ పద్ధతి ఒక్కటే. నూనెలో మసాలా దినుసులు, ఉల్లిపాయ వేయించి, కొలిచిన నీళ్లలో బియ్యం ఉడికించి, ఆ నీళ్లు మొత్తం ఇగిరిపోయేలా చూడడం. వినడానికి ఇంత సింపుల్‌గా ఉన్నా దీని మీద ఉన్నంత కన్ఫ్యూజన్ బిర్యానీ మీద కూడా ఉండదు, ఎందుకంటే హైదరాబాదీ బిర్యానీకి బియ్యం విడిగా బోలెడు నీళ్లలో సగం ఉడికించి వార్చేస్తారు కాబట్టి అక్కడ నీళ్లు కొలిచే పనే లేదు, పులావులో మాత్రం పోసిన ప్రతి చుక్కకీ గిన్నెలోనే లెక్క తేలాలి.

అందరూ కరెక్టే, ఎవరింట్లో వాళ్లు

కొలత అడిగితే నాలుగు రకాల జవాబులొస్తాయి. ఒకటికి రెండు అని ఇంట్లో పెద్దవాళ్లు చెప్తారు, ఒకటికి ఒకటిన్నర అని వంటల వీడియోల్లో చెప్తారు, కుక్కర్‌లో చేసేవాళ్లు ఒకటింపావు చాలంటారు, బాస్మతి ప్యాకెట్ తిప్పి చూస్తే దాని మీద ఇంకోటి రాసి ఉంటుంది. వీటిల్లో అబద్ధం ఏదీ లేదు, ఎవరి గిన్నెలో ఎవరి మంట మీద ఎవరి బియ్యంతో వాళ్లకి కుదిరిన కొలతలే అవి. కాకపోతే ఆ గిన్నె ఎంత వెడల్పు, మూత ఎంత బిగుతు, బియ్యం ఎంతసేపు నానింది అనేవి ఎవరూ చెప్పరు, అంకె ఒక్కటే ఒకరి నుంచి ఇంకొకరికి పోతూ ఉంటుంది.

వెనకటికి ఇది ఇంత సమస్య కాకపోవడానికి కూడా కారణం ఉంది. గంజి వార్చే ఇళ్లలో నీళ్లు ఎక్కువైతే నష్టమేం లేదు, మెతుకు నొక్కి చూసి ఉడికిందనగానే వార్చేస్తారు, ఎక్కువైన నీళ్లతో పాటు గింజ నుంచి ఊడిన పిండి కూడా గంజిలోకి పోతుంది. అత్తెసరు పెట్టే ఇళ్లలో రోజూ అదే గిన్నె, అదే పొయ్యి, సంవత్సరమంతా అవే బియ్యం కాబట్టి లెక్క చేతికి అలవాటైపోయేది. ఇప్పుడేమో నెలకో బ్రాండ్ బియ్యం వస్తుంది, గిన్నె మారుతుంది, గ్యాస్ బదులు ఇండక్షన్ వస్తుంది, ఊరు మారితే దేశం మారితే కప్పు సైజు కూడా మారిపోతుంది, అంకె మాత్రం అలాగే ఉండిపోయింది.

నీళ్లు రెండు దారుల్లో పోతాయి

బియ్యం గింజలో ఎక్కువ భాగం స్టార్చ్, అదీ గట్టిగా బిగుసుకుపోయిన చిన్న చిన్న రేణువులుగా ఉంటుంది. నీళ్లలో వేడెక్కేకొద్దీ, బియ్యం రకాన్ని బట్టి సుమారు 55 నుంచి 79 డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట ఆ రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి మెత్తబడతాయి. ఉడకడం అంటే ఇదే. దీనికి గింజ తాగే నీళ్లు అనుకున్నదానికంటే చాలా తక్కువ, ఆవిరి అస్సలు బయటికి పోకుండా బిగించేస్తే గ్లాసు బియ్యానికి గ్లాసు నీళ్ల దగ్గర దగ్గర సరిపోతుంది, మన అలవాటుకి ఇంకొంచెం మెత్తగా ఉండాలంటే ఇంకో పావు గ్లాసు.

మిగతాదంతా ఆవిరి కోసం పోసేదే. నలుగురు కలిసి సినిమాకి పోతే టికెట్లు మనిషికొకటి కొనాలి కానీ ఆటో కిరాయి ఒక్కటే కదా, ఇక్కడా అంతే, గింజలు తాగే నీళ్లు టికెట్ల లాంటివి, ఆవిరి ఆటో కిరాయి లాంటిది. బియ్యం నాలుగింతలు చేస్తే ఆవిరి నాలుగింతలు అవ్వదు.

లెక్క వేసి చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోసి, వదులు మూత పెట్టి వండితే చక్కగా పొడిపొడిగా వచ్చిందనుకుందాం. అంటే గింజలు తాగింది గ్లాసుంపావు, ఆవిరైంది ముప్పావు గ్లాసు. చుట్టాలొచ్చారని అదే లెక్కన నాలుగు గ్లాసుల బియ్యానికి ఎనిమిది గ్లాసులు పోస్తే ఏమవుతుంది? గింజలకి కావాల్సింది ఐదు గ్లాసులు. గిన్నె పెద్దది కాబట్టి ఆవిరి గ్లాసు, మహా అయితే గ్లాసున్నర పోతుంది. ఇంకా గ్లాసున్నర నుంచి రెండు గ్లాసుల దాకా నీళ్లు మిగిలిపోతాయి, వాటికి గింజల్లోకి పోవడం తప్ప వేరే దారి లేదు, అవసరానికి మించి తాగిన గింజ పగిలి లోపలి పిండి బయటికొచ్చేస్తుంది, పక్క గింజకి అతుక్కుంటుంది. ఇద్దరికి చేసినప్పుడు అద్భుతంగా వచ్చిన పులావు పదిమందికి చేసినరోజే సంగటిలా అయిపోవడానికి కారణం ఇది, చేసినవాళ్ల చేతిలో తప్పేం లేదు. ఇదే రివర్స్‌లో కూడా జరుగుతుంది, పదిమందికి కుదిరిన ఒకటిన్నర లెక్కతో వెడల్పు గిన్నెలో అరగ్లాసు బియ్యం వండితే పైన పలుకు, కింద అడుగంటడం.

తమ గిన్నె ఎంత ఆవిరి వదులుతుందో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. ఎప్పుడూ పులావు చేసే గిన్నెలో రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, మూతేసి, సిమ్‌లో పదిహేను నిమిషాలు ఉంచి, చల్లారాక మిగిలిన నీళ్లు కొలిస్తే తగ్గింది ఎంతో అదే ఆ గిన్నె ఆవిరి లెక్క. అప్పటినుంచి బియ్యం ఎంతైనా, గ్లాసుకి గ్లాసు లేదా గ్లాసుంపావు, దాని మీద ఈ ఆవిరి నీళ్లు ఒక్కసారి కలిపితే చాలు. మనం అనుకునే అంకెలన్నిటికంటే ఈ ఒక్క పరీక్ష ఎక్కువ ఉపయోగపడుతుంది.

బియ్యం మారితే ఏం మారుతుంది

స్టార్చ్‌లో రెండు రకాలుంటాయి, అమైలోజ్, అమైలోపెక్టిన్. అమైలోజ్ ఎక్కువుంటే ఉడికాక గింజ విడివిడిగా కొంచెం బిరుసుగా ఉంటుంది, తక్కువుంటే జిగురుగా అతుక్కుంటుంది. బాస్మతిలో అమైలోజ్ సుమారు 20 నుంచి 25 శాతం ఉంటుంది, అందుకే పొడిపొడిగా వస్తుంది. థాయ్ జాస్మిన్ బియ్యంలో అంతకంటే తక్కువ, అది మంచి వాసన వచ్చే బియ్యమే కానీ మెత్తగా అతుక్కునేలా ఉండడమే దాని గుణం.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకి ఈ తేడా 2023లో బాగా తెలిసొచ్చింది. ఆ ఏడాది జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఇండియా ఆపేయగానే అక్కడి ఇండియన్ స్టోర్లలో సోనా మసూరి బస్తాల కోసం జనం ఎగబడ్డారు. 2024 సెప్టెంబర్‌లో మళ్లీ ఎగుమతికి ఒప్పుకునే లోపు దొరికిన బియ్యంతో సర్దుకోవాల్సి వచ్చిన ఇళ్లలో పాత కొలత పెట్టి జాస్మిన్ బియ్యం వండితే ముద్దవడం తప్ప ఇంకోలా అవ్వదు.

సోనా మసూరితో, బీపీటీతో పులావు బాగా రాదనే మాట కూడా తరచూ వినిపిస్తుంది, అది నిజం కాదు. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, మధ్యస్థంగా అమైలోజ్ ఉన్న సన్న రకమే, పొడిపొడిగా రావడానికి కావాల్సిన గుణం దాన్లో ఉంది. లేనిది ఒక్కటే, పొడవు సాగడం. బాస్మతిలా గింజ నిలువుగా సాగదు, 2003లో ఢిల్లీ నుంచి విడుదలైన పూసా బాస్మతి 1121 అయితే వండాక 20 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. కంటికి కనిపించే ఆ పొడవునే చాలామంది పొడిపొడి అనుకుంటారు. రుచి సంగతికొస్తే చిట్టి ముత్యాలు లాంటి పొట్టి గింజ వాసన బియ్యంతో చేసిన పులావు ఏ బాస్మతికీ తీసిపోదు.

సెల్లా బాస్మతి కథ వేరే. అది ధాన్యంగా ఉన్నప్పుడే ఉడికించి ఆరబెట్టిన బియ్యం, స్టార్చ్ ఒకసారి ఉడికి మళ్లీ గట్టిపడిపోయి ఉంటుంది కాబట్టి గంట దాకా నానాలి, నీళ్లు, టైమ్ రెండూ ఎక్కువ కావాలి. ఫంక్షన్లలో కేటరింగ్ వాళ్లు దీన్నే వాడడానికి కారణం, గంటల తరబడి వేడి గిన్నెలో ఉన్నా మెతుకు విరగదు. ఇంట్లో నలుగురికి చేసుకునే పులావుకి ఆ అవసరం లేదు.

కొత్త బియ్యం, పాత బియ్యం

ఒకే రకం బియ్యం కోతైన రెండు నెలలకి ఒకలా, ఏడాదికి ఇంకోలా ఉడుకుతాయని ప్రతి తెలుగింటికీ తెలుసు, కారణం మాత్రం పెద్దగా మాట్లాడుకోరు. నిల్వ ఉండేకొద్దీ గింజలోని ప్రోటీన్ల మధ్య బంధాలు గట్టిపడతాయి, కొవ్వు విడిపోయి అమైలోజ్‌తో ముడిపడుతుంది, దాంతో ఉడికేటప్పుడు స్టార్చ్ రేణువులు ఇష్టమొచ్చినట్టు ఉబ్బి పగిలిపోకుండా పట్టి ఉంటాయి. నీళ్లలోకి ఊడే పిండి తగ్గుతుంది. అందుకే పాత బియ్యం ఎక్కువ నీళ్లు తాగి కూడా విడివిడిగా ఉంటాయి, కొత్త బియ్యం తక్కువ నీళ్లకే జిగురవుతాయి.

తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ షాపుల్లో మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి దుకాణంలో పాత బియ్యం చూసి కొనే అలవాటు చాలా ఇళ్లలో తగ్గే అవకాశం ఉంది, ఆ నెల వచ్చినవి కొత్త పంటవైతే పులావు కొలత కూడా దాన్ని బట్టి మార్చుకోవాల్సిందే. కొత్త బియ్యమైతే గ్లాసుకి గ్లాసు మీద పావు గ్లాసు కలపడం మానేసి, నానబెట్టే టైమ్ పది నిమిషాలకి తగ్గిస్తే చాలావరకు కుదురుతుంది.

వేయించాలా, నానబెట్టాలా

ఇక్కడే రెండు పద్ధతులు కలిసిపోయి గందరగోళం అవుతోంది. మొదటిది టర్కీ, ఆర్మీనియా వైపు నుంచి యూరప్, అమెరికా దాకా పోయిన పద్ధతి, బియ్యాన్ని వెన్నలో వేయించి ఆ తర్వాత వేడి నీళ్లు పోస్తారు, సేమియా లాంటివి కూడా ఎర్రగా వేయించి కలుపుతారు. అమెరికా షాపుల్లో రైస్ పిలాఫ్ పేరుతో డబ్బాల్లో దొరికేది ఎక్కువగా ఇదే. అక్కడ దీన్ని ఇంటింటికీ చేర్చిన రైసరోనీ అనే బ్రాండ్ 1958లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది, పైలాద్జో కప్తానియన్ అనే ఆర్మీనియన్ ఆవిడ తన ఇంట్లో అద్దెకున్న, ఆ బ్రాండ్ పెట్టిన డెడొమెనికో కుటుంబం కోడలికి నేర్పిన పిలాఫే దానికి మూలం. రెండోది మన బగారా పద్ధతి, బియ్యం వేయించరు, ముందే నానబెట్టి, నూనె మసాలా ఉన్న ఎసరు తెర్లుతున్నప్పుడు వేస్తారు.

రెండూ చేసే పని ఒక్కటే, గింజ మీది జిగురు తగ్గించడం. దారులే వేరు. పొడి బియ్యాన్ని నెయ్యిలో మూడు నాలుగు నిమిషాలు వేయిస్తే పైపొర గట్టిపడుతుంది, కొవ్వు పట్టుకుంటుంది, కమ్మటి వాసన వస్తుంది, నీళ్లు లోపలికి మెల్లిగా పోతాయి. నానబెడితే గింజ మధ్య దాకా ముందే తడి చేరుతుంది కాబట్టి పైన మెత్తబడి లోపల పలుకుండే సమస్య పోతుంది, ఉడికే టైమ్ తగ్గుతుంది, బాస్మతి నిలువుగా సాగడానికి అవకాశం దొరుకుతుంది. కానీ నానిన గింజ చాలా సుకుమారం, వేళ్ల మధ్య నొక్కితే పుటుక్కున విరుగుతుంది. దాన్ని తీసుకెళ్లి మూకుడులో గరిటెతో అటూ ఇటూ తిప్పి వేయిస్తే గింజలు విరిగి, విరిగినచోట పిండి బయటపడి, మొదటికే మోసం వస్తుంది. చాలా వీడియోల్లో అరగంట నానబెట్టండి, ఆ తర్వాత నెయ్యిలో బాగా వేయించండి అని రెండూ చెప్తున్నారు. టర్కీలో కూడా నానబెట్టి వేయించేవాళ్లున్నారు, కాకపోతే నీళ్లు పూర్తిగా వార్చి చాలా మెల్లిగా తిప్పుతారు. చెయ్యి తిరగని వాళ్లకి ఏదో ఒక్క దారి పట్టుకోవడమే మేలు.

నానబెట్టిన బియ్యంతో ఇంకో లెక్క కూడా ఉంది. మామూలు బియ్యంలో 12 నుంచి 14 శాతం తేమ ఉంటే అరగంట నానాక అది 30 శాతం దగ్గరికి వస్తుంది. గ్లాసు బియ్యం, అంటే సుమారు 200 గ్రాములు, నానేసరికి పావు గ్లాసు దాకా నీళ్లు ముందే తాగేసి, పైన అంటుకుని ఉంటాయన్నమాట. ఎసరులో అంత తగ్గించాలి. కొలవడం కూడా నానబెట్టక ముందే కొలవాలి, నానాక గింజ ఉబ్బుతుంది.

ఇరాన్‌లో బియ్యం సగం ఉడికించి వార్చి మళ్లీ ఆవిరి మీద మగ్గబెడతారు, ఉజ్బెకిస్తాన్‌లో మాంసం, క్యారెట్ ఉడికిన రసం మీద బియ్యం పొరలా పరిచి కదపకుండా వండుతారు. ఉజ్బెక్, తజిక్ పలావు సంప్రదాయాలు రెండిటినీ యునెస్కో 2016లో గుర్తించింది. ఇన్ని దేశాల పద్ధతుల్లో అన్నిచోట్లా కనిపించే జాగ్రత్త, బియ్యం పడ్డాక గరిటె పెట్టి కలపకపోవడం. ఇటలీ రిసోట్టోలో కావాలని కలుపుతూనే ఉంటారు, అక్కడ కావాల్సిందే ఆ జిగురు.

కుక్కర్, ఎలక్ట్రిక్ కుక్కర్

ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి పోయేది విజిల్ వచ్చినప్పుడు, అదీ కొంచెమే, కాబట్టి అందులో ఒకటింపావు చాలడం మామూలే. లోపల వేడి 120 డిగ్రీల దగ్గరుంటుంది. విజిల్స్ లెక్క మీద ఆధారపడడం అంత మంచిది కాదు, చిన్న కుక్కర్ పెద్ద మంట మీద రెండు విజిల్స్ మూడు నిమిషాల్లో వేసేస్తుంది, పెద్ద కుక్కర్ సిమ్‌లో మొదటి విజిల్‌కే పది నిమిషాలు తీసుకుంటుంది. ఇంకోటి, స్టవ్ ఆపగానే విజిల్ ఎత్తి ఆవిరి వదిలేస్తే ప్రెషర్ ఒక్కసారి పడిపోయి గింజల్లోని నీళ్లు ఒక్కసారిగా మరిగి, పొడవు మెతుకులు విరుగుతాయి. ప్రెషర్ దానంతటదే దిగాలి.

ఎలక్ట్రిక్ కుక్కర్ నీళ్లని కొలవదు, అడుగు వేడిని చూస్తుంది. నీళ్లున్నంతసేపు గిన్నె అడుగు 100 డిగ్రీలు దాటదు, నీళ్లు ఇగరగానే దాటుతుంది, స్విచ్ పడిపోతుంది. అందుకే ఆ కుక్కర్‌లోనే ఉల్లిపాయలు వేయిద్దామని చూస్తే బటన్ మాటిమాటికీ పైకి ఎగురుతుంది, అది రిపేర్ కాదు, నీళ్లు లేకుండా వేడెక్కింది కాబట్టి అన్నం అయిపోయిందనుకుంటోంది. పోపు బయట వేయించి అందులో పోయడమే దారి. దాంతో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లది, అమెరికా వంటల కప్పు 240 మిల్లీలీటర్లు, గిన్నె లోపలి గీతలు 180 కప్పుకి గీసినవి, బియ్యం పెద్ద కప్పుతో కొలిచి నీళ్లు గీత దాకా పోస్తే అన్నం పలుకుగా ఉండిపోతుంది.

గ్లాసు బియ్యంతో చేసి చూస్తే

పైన చెప్పిందంతా ఒక గ్లాసు పాత బాస్మతికి పెడితే ఇలా ఉంటుంది. బియ్యం నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, అరగంట నానబెట్టి, జల్లెడలో పూర్తిగా వార్చాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు స్పూన్ల నూనె, ఒక స్పూన్ నెయ్యి వేసి షాజీరా, రెండు యాలకులు, మూడు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, బిర్యానీ ఆకు, తర్వాత ఒక ఉల్లిపాయ సన్నగా చీల్చి అంచులు ఎర్రబడేదాకా, రెండు పచ్చిమిర్చి, చిన్న స్పూన్ అల్లం వెల్లుల్లి, గుప్పెడు పుదీనా. నీళ్లు గింజలకి గ్లాసుంపావు, ఆవిరికి అరగ్లాసు, నానినందుకు పావు గ్లాసు తీసేస్తే గ్లాసున్నర. ఉప్పు వేశాక ఎసరు రుచి చూస్తే ఒక పిసరు ఎక్కువనిపించాలి, ఆ ఉప్పంతా బియ్యానికి పోతుంది. ఎసరు తెర్లాక బియ్యం వేసి ఒక్కసారే కలిపి పెద్ద మంట మీద వదిలేస్తే నాలుగైదు నిమిషాల్లో నీళ్లు బియ్యం మట్టానికి దిగి, పైన అక్కడక్కడా చిన్న గుంటలు పడి వాటిల్లోంచి బుడగలొస్తుంటాయి. సిమ్ చేసి మూత బిగించాల్సింది అప్పుడే. గిన్నె అడుగు పల్చగా ఉంటే కింద పెనం పెట్టాలి. పది నిమిషాలు, తర్వాత స్టవ్ ఆపి ఇంకో పది నిమిషాలు మూత తీయకుండా.

ఈ చివరి పది నిమిషాలు చాలామంది వదిలేస్తారు, ముద్దవడానికి ఇదీ ఒక కారణమే. స్టవ్ ఆపేసరికి కింది మెతుకులు తడిగా, పై మెతుకులు పొడిగా ఉంటాయి, ఆ తడి అంతటా సర్దుకోవాలి, వేడి కొంచెం తగ్గి అమైలోజ్ మళ్లీ గట్టిపడడం మొదలవ్వాలి. అప్పుడు అట్లకాడతో పక్కల నుంచి కదిపితే గింజలు విరగవు.

టమాటా వేస్తే మాత్రం నీళ్లు తగ్గించాలి, టమాటాలో 90 శాతం పైన నీళ్లే, పెద్దదొకటి వేస్తే పావు గ్లాసు దాకా తగ్గించొచ్చు. పుట్టగొడుగులకీ అంతే. కొబ్బరి పాలు పోసేటప్పుడు చిక్కటి పాలే మొత్తం పోస్తే అందులో కొవ్వు పోను నీళ్లు తక్కువ పడతాయి, అడుగంటుతుంది కూడా, సగం నీళ్లు కలపాలి.

మిగిలితే

రాత్రి మిగిలిన పులావు పొద్దున గట్టిగా అవడం తడి ఆరిపోయినందుకు మాత్రమే కాదు, చల్లారిన స్టార్చ్ మళ్లీ బిగుసుకుంటుంది, రెండు మూడు స్పూన్ల నీళ్లు చల్లి మూతేసి వేడి చేస్తే చాలావరకు మామూలవుతుంది. జాగ్రత్త పడాల్సింది వేరే విషయంలో. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, అన్నం గంటల తరబడి గోరువెచ్చగా బయటుంటే అవి పెరిగి వాంతులు తెప్పించే విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెద్ద గిన్నెలో కుప్పగా ఉన్న పులావు మధ్యలో చాలాసేపు వేడిగానే ఉంటుంది కాబట్టి వెడల్పు పళ్లెంలో పల్చగా పరిచి, చల్లారగానే, రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాటికల్లా తినేయాలి.